జకరయ్య పళ్ళపొడి ఉపన్యాసం

మెదక్ అంగడిలో జకరయ్య నోరు తెరిచాడంటే పక్కన గాజులమ్ముకునేవాళ్ళు కూడా బేరం ఆపి వినాల్సిందే. అమ్మేది వేపబెరడు, ఉప్పు, లవంగం దంచి ఇంట్లో చేసిన పళ్ళపొడి. దానికి ఆయన ఇచ్చే ఉపన్యాసం వింటే లోకంలోని కష్టాలన్నీ పిప్పిపళ్ళ నుంచే పుట్టాయనిపించేది. అబ్బ, ఏం గొంతు!

చర్చి ప్రార్థన కూటాల్లో ఒక్కొక్కరే లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకుంటారు. దాన్ని సాక్ష్యం అంటారు. జకరయ్య ఆ పద్ధతినే అంగడికి తెచ్చాడు. ఉపన్యాసం మధ్యలో ఆగి, "వాడినోళ్ళు ఎవరన్న ఉంటే సాక్ష్యం చెప్పుండ్రి!" అనేవాడు. వెంటనే గుంపు వెనక నుంచి ఒకావిడ, "నేను వాడిన. నా పంటినొప్పి మాయమైంది" అనేది. ఆవిడ యేసమ్మ, సాక్షాత్తూ ఆయన భార్యే. అబద్ధమా అంటే కాదు, రోజూ ఆ పొడితోనే తోముకునేది. ఎవరి భార్యో మాత్రం చెప్పేది కాదు.

పంతొమ్మిది వందల అరవై నాలుగు వానాకాలంలో జ్వరమొచ్చి యేసమ్మ పోయింది. పిల్లల్లేరు. గోడలతో ఎంతసేపని మాట్లాడతాడు? చాలా రోజులు ఇంట్లోనే నోరు మూసుకుని కూర్చున్నాడు. చివరికి, నలుగురిలో నిలబడి నాలుగు మాటలాడితే తప్ప బతకలేననిపించి, పొట్లాలు సంచిలో వేసుకుని అంగడికి బయల్దేరాడు.

మొదలు బాగానే ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా మూగారు, నవ్వారు. జకరయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో, అలవాటు కొద్దీ, "వాడినోళ్ళు ఎవరన్న ఉంటే సాక్ష్యం చెప్పుండ్రి!" అనేశాడు.

ఎవరూ పలకలేదు. అయ్యో, ఎంత పనయింది! ఆయన కళ్ళు గుంపు వెనక్కే పోయాయి.

ముందు వరుసలో హవేలిఘనపూర్ నుంచి కూరగాయలు తెచ్చే గోదావరి ఉంది. "మీ ఇంటామె ఏది, పెద్దయ్యా? ఎప్పుడు ఆమెనే గద చెప్పేది" అంది.

జకరయ్య బిత్తరపోయాడు. "మా ఇంటామె అని నీకెట్ల ఎరుక?"

"అందరికి ఎరుకనే. నువ్వు మాట్లాడినంతసేపు నీ దిక్కే చూసుకుంట మురిసేది. గామె మురిపెం చూడనీకెనే మేం నిలబడేటోళ్ళం."

"సచ్చిపోయింది బిడ్డా" అన్నాడు జకరయ్య. ఆ మాట తన నోటితో అనడం అదే మొదటిసారి.

నవ్వులు ఆగిపోయాయి. ఒక్కొక్కరే వచ్చి, తలొంచుకుని పొట్లం తీసుకుని, బేరమైనా ఆడకుండా వెళ్ళిపోయారు. పళ్ళు ఊడితే వాపస్ ఇస్తవా అని ప్రతిసారీ ఏడిపించే రాజేందర్ కూడా కిక్కురుమనలేదు. అంత మర్యాద ఎవరడిగారు వాళ్ళను? తిట్టిపోసినా బాగుండేది.

సంచి ఖాళీ అయింది. జకరయ్య కదల్లేదు. గొంతు సవరించుకుని ఉపన్యాసం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

గోదావరి గంప నెత్తికెత్తుకోబోతూ ఆగింది. "అమ్మనీకె ఏం మిగల్లేదు గద, పెద్దయ్యా?"

"ఏం లేదు బిడ్డా. నువ్వు జర నిలబడు" అన్నాడు.