వదిన గీసిన ఎర్ర గీత

మా వదిన చేతులు ఊరుకోవు. ఇది చాడీ కాదు, ఆమే ఒప్పుకునే మాట. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన మూడో రోజున నా కుట్టు మిషను కీచుమంటోందని ఊడదీసి, తుడిచి, నూనె వేసి మళ్ళీ బిగించింది. నేను ఆఫీసు నుంచి వచ్చి సంగతి తెలిసి ఆడపడుచు హోదాలో ఒక అరుపు అరిచాను. తీరా మిషను ముందు కూర్చుని తొక్కి చూశాక నోరు మూసుకున్నాను. కొన్న రోజున కూడా అది అంత మెత్తగా నడవలేదు.

వదిన కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం, కంటికి ఆనని మరలు బిగించడం ఆమె ఉద్యోగం. పగలంతా చిన్న మరలతో వేగి వచ్చాక కాస్త పెద్ద మరలు తిప్పితే తప్ప ప్రాణం కుదుటపడదేమో, సైకిళ్ళ మీద పడింది. మొదట తనది, తర్వాత అన్నయ్యది, ఆ తర్వాత నాది, చివరికి ఆదివారం పొద్దున్నే కలిసి తొక్కే మా గుంపులో పన్నెండు మందివీ. మా ముందుగదిలో సోఫా ఉండాల్సిన చోట సైకిలు తగిలించే ఇనుప స్టాండు ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు దాని పక్కనే కుర్చీ లాక్కుని, బట్టలకు గ్రీజు అంటకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చుంటారు.

గుంపులో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. నిజానికి ఆస్పత్రిలో పని చేసేది మా అన్నయ్య. రోగులను మంచం మీది నుంచి లేపి కూర్చోబెట్టడం, చక్రాల కుర్చీలోకి మార్చడం వాడి పని. ద్వారబంధం నిండా పట్టే మనిషి. ఆ పెద్ద చేతులతో ఎంతగా మంచాన పడ్డ మనిషినైనా నొప్పి తెలియకుండా ఎత్తుతాడని వార్డులో పేరు. ఇంట్లో మాత్రం వాడు స్టాండు దగ్గరికి వస్తే వదిన కసురుతుంది. “మీరు ముట్టుకోకండి, విరుగుతుంది” అంటుంది. వాడు నవ్వి ఊరుకుంటాడు.

వదినకు ఒక పద్ధతి ఉంది. బోల్టు బిగించాక, దాని తల మీది నుంచి పక్కనున్న లోహం మీదికి ఎర్రటి గోళ్ళరంగుతో సన్నగా ఒక గీత గీస్తుంది. ఆ తర్వాత బోల్టు ఏ కాస్త తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. గీత తిన్నగా ఉందంటే బోల్టు కదల్లేదని లెక్క. గోళ్ళరంగు అమ్మే అమ్మాయి ప్రతిసారీ వదిన గోళ్ళ వంక చూసేదట. వాటి నిండా నల్లటి గ్రీజు. ఏమీ అడగలేక సీసా చేతిలో పెట్టేదట. మా గుంపులో వాళ్ళకు ఆ గీత మీద ఎంత గురి అంటే, బయలుదేరే ముందు వంగి గీతలు చూసుకుని ఎక్కేస్తారు. బోల్టులో కీ పెట్టి తిప్పి చూసిన మనిషి ఒక్కడూ లేడు. నేనూ చూడలేదు.

మా గుంపులోని లెక్కల మాస్టారు పడిపోయింది ఒక ఆదివారం. అంతకు ముందురోజు ఆయన సైకిలుతో పాటు ఇంకో మూడు మరమ్మతుకు మా ఇంట్లో ఉన్నాయి. పొద్దున బేకరీ ముందు అందరం చేరాక మాస్టారు తన బండి ఎక్కబోతూ ఆగారు.

“హ్యాండిల్ కొంచెం ఎడమకి తిరిగినట్టుంది, చూశారా?”

వదిన అప్పటికే ఇంకెవరిదో గేర్లలో తల దూర్చి ఉంది. అన్నయ్య “ఇలా ఇవ్వండి మాస్టారూ” అని ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, హ్యాండిల్ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. తిన్నగా అయింది. చేతులు దులుపుకుని కండ చూపించాడు. అందరం నవ్వాం.

వంతెన దిగాక రోడ్డు కుడికి తిరుగుతుంది. అక్కడ మాస్టారు హ్యాండిల్ తిప్పారు. హ్యాండిల్ తిరిగింది గానీ చక్రం తిరగలేదు. నేరుగా వెళ్ళి రాళ్ళ మీద పడ్డారు. మెడ కింద ఎముక విరిగింది. ఆయన్ని ఎత్తి అటుగా వచ్చిన కారులో పడుకోబెట్టింది అన్నయ్యే.

ఆ తర్వాత అందరూ సైకిలు చుట్టూ మూగారు. గుంపును నడిపించేది బేకరీ బాబాయి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, హ్యాండిల్‌ను ముందు చక్రాన్ని మోసే ఫోర్కుకు పట్టి ఉంచే రెండు బోల్టులూ పరీక్షగా చూశారు. రెంటి మీదా ఎర్ర గీత తిన్నగా, నిండుగా ఉంది.

“గీతలు చెక్కు చెదరలేదు. డాక్టరమ్మ పనిలో వంక లేదు” అన్నారు. తర్వాత అన్నయ్య వైపు తిరిగారు. “పొద్దున నువ్వు అంత మొరటుగా తిప్పకుండా ఉండాల్సిందిరా అబ్బాయ్.”

అన్నయ్య తన అరచేతుల వంక చూసుకున్నాడు. “నేనే పాడు చేసుంటాను బాబాయ్” అన్నాడు.

ఆ సాయంత్రం వదిన వాడిని ఒకే ఒక్క మాట అడిగింది. “ఏవండీ, మీరు తిప్పినప్పుడు బలం పెట్టాల్సొచ్చిందా, తేలిగ్గా తిరిగిందా?”

“తేలిగ్గానే తిరిగింది. నా చేతుల సంగతి నీకు తెలుసుగా” అన్నాడు వాడు.

వదిన లేచి వెళ్ళి వంటింటి కుళాయి విప్పడం మొదలుపెట్టింది. ఆ కుళాయికి ఏ జబ్బూ లేదు.

ఆ వారమంతా మా ఇంట్లో ఊడనిది లేదు. ఫ్యాను దించింది. తలుపు బందులన్నీ మార్చింది. కుక్కరు పిడి బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. నా కుట్టు మిషను జోలికి నాలుగోసారి వచ్చినప్పుడు నేను అడ్డంగా నిలబడ్డాను. దుకాణంలో ఒక పెద్దాయనకు కుడి అద్దం ఎడమలో, ఎడమ అద్దం కుడిలో బిగించి పంపిందట. ఆయన తిరిగొచ్చి ఇల్లు పీకి పందిరి వేశాడట. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలు తిని లేచిపోయేది. కాలుగాలిన పిల్లిలా గదికీ గదికీ మధ్య తిరిగేది. ఇంత తిరిగినా ఒక్క చోటికి మాత్రం పోలేదు. మాస్టారి సైకిలును బాబాయి మా ఇంటికే పంపించారు, అది ముందుగది మూల పాత దుప్పటి కప్పుకుని ఉంది. కళ్ళ ముందు వదులు మర కనిపిస్తే ప్రాణం పోయే మనిషి వారం రోజులు ఆ దుప్పటి ఎత్తి చూడలేదు. అది నాకు వింతగా ఉంది, కానీ ఎందుకని అడగలేదు.

అన్నయ్య తన సైకిలును గోడకు తగిలించేశాడు. శనివారం మధ్యాహ్నం వాడికి క్యారేజీ ఇవ్వడానికి వార్డుకు వెళ్ళాను. వాడు దిండ్లు మోస్తున్నాడు. ఒక ముసలామె మంచం మీద నుంచి చేయి చాపి, “నాయనా, కాస్త లేపి కూర్చోబెట్టు” అంది. వాడు ఆమెను ముట్టుకోలేదు. పక్క వార్డుకు వెళ్ళి ఇంకొకడిని పిలుచుకొచ్చాడు.

“నడుం నొప్పా?” అని అడిగాను.

“కాదే. నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది. ఎక్కడ ఏం విరగ్గొడతానోనని భయంగా ఉంది.”

ఇంటికొచ్చి ఈ ముక్క వదినకు చెప్పాను. ఆమె తిన్నగా మూలకు వెళ్ళి దుప్పటి లాగేసింది. బోల్టు తలలో దూర్చి తిప్పే చిన్న అలెన్ కీ తీసి, కొత్త గోళ్ళరంగు సీసా కూడా తీసి, సైకిలు ముందు నేల మీద కూర్చుంది. నేను పెరట్లో బట్టలు ఆరేసి అరగంట తర్వాత వచ్చేసరికి ఇంకా అలాగే ఉంది. సీసా మూత తీసి ఉంది.

“ఇలా రా. తిప్పు” అని కీ నా చేతికిచ్చింది.

పై బోల్టులో కీ పెట్టి రెండు వేళ్ళతో తిప్పాను. వెన్నలో తిరిగినట్టు తిరిగింది. గీత రెండు ముక్కలైంది.

“ఇది వదులైపోయిన బోల్టు కాదు” అంది వదిన. “అసలు బిగించని బోల్టు. ఆ రోజు సీసా అడుగంటింది. రంగు గడ్డకడుతుంటే గోళ్ళరంగు తుడిచే రిమూవరు రెండు చుక్కలు పోశా. పల్చబడింది. ఆరిపోయేలోపు వాడేద్దామని ఉన్న బళ్ళన్నిటికీ వరసపెట్టి గీసేశా. మాస్టారి బండి బోల్టులు అప్పటికి వేళ్ళతో తిప్పి వదిలానంతే. గీశాక బిగిద్దాం, చెదిరితే ఇంకో పూత పూద్దాం అనుకున్నా. ఇంతలో బాబాయి తన బండి పట్టుకుని వచ్చాడు. గేరు గరగరమంటోంది. అటు తిరిగిపోయా.”

అప్పుడు నాకు అర్థమైంది. బిగించని బోల్టు మీద గీసిన గీత కూడా అంతే తిన్నగా ఉంటుంది. గుంపు మొత్తం వంగి వంగి చూసింది దాన్నే.

ఇక్కడ నేనన్న మాట దాచుకుంటే ఈ కథ చెప్పే అర్హత నాకు ఉండదు. “బిగించేసి మళ్ళీ గీసెయ్ వదినా. ఎవరు చూడొచ్చారు? అన్నయ్య ఎలాగూ తన తప్పేనని ఒప్పేసుకున్నాడుగా” అన్నాను. సొంత అన్నయ్య గురించి అన్నాను. నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను, కానీ అన్నది అన్నట్టే.

వదిన నన్ను తిట్టలేదు. “నేనూ అరగంట నుంచి అదే చేద్దామా అని చూస్తున్నా” అంది. సీసా మూత పెట్టేసి లేచింది.

ఆదివారం దాకా ఆగే ఓపిక ఆమెకెక్కడిది? సైకిలును ఉన్నదున్నట్టు వీధిలోకి తీసింది. హ్యాండిల్ ఒక దిక్కు, చక్రం ఒక దిక్కు. తోసుకుపోవడానికి కుదరక ముందు చక్రం పైకెత్తి పట్టుకుని, వెనక చక్రం మీద ఈడ్చుకుంటూ పరుగులాంటి నడక నడిచింది. నేను వెనకాల. దారిలో బేకరీ దగ్గర ఆగి, “బాబాయ్, ఒక్కసారి రండి” అంది. ఆయన చేతులకు పిండితోనే వచ్చారు.

మాస్టారు చేయి మెడకు కట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. వదిన నమస్కారం కూడా పెట్టలేదు. సైకిలు ఆయన ముందు నిలబెట్టి, కీని ఆయన మంచి చేతిలో పెట్టింది.

“కింది బోల్టు తిప్పండి మాస్టారూ. దాని గీత ఇంకా తిన్నగానే ఉంది, చూసి మరీ తిప్పండి.”

ఆయన చూశారు. తిప్పారు. బాబాయి కూడా వంగి చూశారు. వదిన మాస్టారితో మొత్తం చెప్పింది, సీసా అడుగంటిన దగ్గర్నుంచి, ఆదివారం సాయంత్రమే తనకు అనుమానం వచ్చిన సంగతి దాకా. బిగించిన హ్యాండిల్ అంత తేలిగ్గా తిరగదని ఆమెకు తెలుసు.

మాస్టారు కోప్పడతారనుకున్నాను. ఆయన లెక్కలే వేశారు.

“ఆ రోజు వరసపెట్టి గీసిన బళ్ళు నాలుగు కదమ్మా. నాది పోగా మూడు. అవి ఇవాళ ఎవరెవరు తొక్కుతున్నారు?”

“అందుకే పరిగెత్తుకొచ్చా. అన్నిటినీ విప్పి చూసేదాకా రేపు ఎవరూ ఎక్కకూడదు” అంది వదిన. బాబాయి పిండి చేతులతోనే ఫోను తీశారు.

మేం బయటికి వస్తుంటే మాస్టారు వెనక నుంచి, “చెప్పినందుకు మంచిదమ్మా. బండి మాత్రం ఇక సైకిలు దుకాణంలో ఇచ్చుకుంటాను” అన్నారు. ఇప్పటికీ దుకాణంలోనే ఇస్తున్నారు.

సాయంత్రం అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే వదిన చెప్పేసింది. వాడు గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు.

“తేలిగ్గా తిరిగిందా అని అడిగావు. అప్పుడే నీకు తెలుసన్నమాట.”

“అనుమానం వచ్చింది. కీ పెట్టి చూడాలంటే భయమేసింది.”

“వారం రోజులు” అన్నాడు అన్నయ్య. “మనుషుల్ని ఎత్తడం తప్ప నాకు వేరే విద్య రాదు. వారం రోజులు నేను ఎవర్నీ ముట్టుకోలేదు.”

అరిచినా బాగుండేది. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు, ఆ తర్వాతి రోజు కూడా వాడు ఆమెతో మాట్లాడలేదు. ఇల్లంతా ముళ్ళ మీద ఉన్నట్టుండేది. వదిన రిమూవరులో ముంచిన గుడ్డతో వచ్చిన ప్రతి బండి మీదా గీతలు తుడిచేసి, ప్రతి బోల్టుకూ కీ పెట్టి చూసుకుంటూ పోయింది. పది బళ్ళలో ఎక్కడా తేడా లేదు.

పదకొండోది నాది, ఇంట్లోదే కదా అని చివరికి ఉంచాం. మాస్టారు పడడానికి ముందురోజు గీసిన నాలుగింటిలో అదీ ఒకటి. ఎర్ర గీత తిన్నగా, అందంగా ఉంది. కీ పెట్టగానే పై బోల్టు రెండు వేళ్ళకే తిరిగిపోయింది. కింది బోల్టు ఒక్కటే హ్యాండిల్‌ను పట్టుకుని ఉంది. ఆ వారమంతా నేను దాని మీదే ఆఫీసుకు వెళ్ళొచ్చాను. బిగించేసి మళ్ళీ గీసెయ్ అన్నది నేనే. వెళ్ళి గోడకు చేరగిలబడ్డాను.

వదిన నా వైపు చూడలేదు. రెండు బోల్టులూ బిగించింది. సీసా కోసం చేయి చాపబోయింది.

లోపలి గదిలోంచి అన్నయ్య వచ్చాడు. స్టాండు మీది నుంచి సైకిలు దింపాడు. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించాడు. హ్యాండిల్‌ను ఆ రెండు చేతులతో పట్టుకుని, మెడ నరాలు ఉబికేలా, ఉన్న బలమంతా పెట్టి తిప్పాడు. అది కదల్లేదు. ఇంకోసారి తిప్పాడు. కదల్లేదు. సీసా తీసి తనే వదిన చేతిలో పెట్టాడు.

“ఇప్పుడు గియ్యి” అన్నాడు.

మూడు రోజుల తర్వాత ఆమెతో వాడన్న మొదటి మాట అది. వదిన గీసిన గీత వంకరగా వచ్చింది. తుడిచి మళ్ళీ గీస్తానంది గానీ నేను ఒప్పుకోలేదు, అది నా సైకిలు మీద ఇంకా అలాగే ఉంది.