తెల్ల చున్నీలో ఘాటు

నా డైరీలో ఎడమ పేజీ బట్టలది. రేపు ఆఫీసుకి ఏ టాప్, దాని కింద ఏ లెగ్గింగ్, పైన ఏ చున్నీ అని అక్కడ రాసుకుంటాను. కుడి పేజీ మిగతా జీవితానిది. అది చాలా రోజులు ఖాళీగానే ఉండిపోతుంది. ఎడమ పేజీ మాత్రం ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆఫీసుకి నాకున్నవి ఐదు టాప్‌లు, రెండు లెగ్గింగ్‌లు, రెండు చున్నీలు. ఇటుక రంగు, నేరేడు రంగు, మెరూన్, కాఫీ రంగు, ముదురాకుపచ్చ. మెరూన్ చున్నీ నాలుగు టాప్‌ల మీదకి నప్పుతుంది, ఆకుపచ్చ మీదకి మాత్రం నల్లదే వేయాలి. సోమవారం వేసింది మళ్ళీ గురువారం వేస్తే ఎవరూ పట్టించుకోరు. బుధవారం వేస్తే ఎవరో ఒకరు తేరిపార చూస్తారు. ఎవరి కంటా పడకుండా వచ్చి, పని చేసుకుని వెళ్ళిపోవడమే నాకు కావలసింది.

ముదురు రంగులకి ఇంకో కారణం కూడా ఉంది. నేను పనిచేసేది అద్దంకి రోడ్డు మీద ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో. రైతులు తెచ్చిన బస్తాలు ఏ గదిలో ఏ వరసలో దించారో కంప్యూటర్లో ఎక్కిస్తాను. లేత రంగు బట్ట అక్కడ ఒక్క పూటకే ఎర్రబడుతుంది. ఎరుపైనా ఉతికితే పోతుంది గానీ ఘాటు పోదు. దారాల్లో దాక్కుని, ఆరిన బట్ట దులిపినప్పుడు ముక్కుకెక్కుతుంది.

మా అమ్మ ఇరవై ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళింది. కిందటేడు దగ్గు ముదిరితే ఒంగోలు తీసుకెళ్ళాం. డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, "ఇక ఈవిడ లోపలికి మిరపకాయ ఘాటు పోకూడదు. ఉన్న ఊపిరైనా మిగలాలంటే అదొక్కటే మందు" అన్నారు. అమ్మ పని మానేసింది. ఆ నెలలోనే నేను ఉద్యోగంలో చేరాను. అమ్మని మిరప నుంచి తప్పించడానికి నేను మిరపలోకి వెళ్ళాను కాబట్టి, అది నా వెంట ఇంట్లోకి రాకుండా చూసుకునే బాధ్యత కూడా నాదే అనుకున్నాను.

ఆఫీసు బట్టలు గడప దాటవు. పెరట్లో బాత్రూమ్ వెనక, రేకు కింద, వాటికోసం ఒక తీగ కట్టాను. సాయంత్రం రాగానే స్నానం చేసి, ఇంటి బట్టలు వేసుకున్నాకే లోపలికి వెళతాను. లోపలి స్టీలు బీరువాలో ఆదివారం బట్టలు మాత్రమే ఉంటాయి. నీలం చుక్కల టాప్, ఆవపిండి రంగు టాప్, తెల్ల సల్వారు సూటు ఒకటి, తెల్ల నూలు చున్నీ ఒకటి. ఆ చున్నీ చీరాలలో కొన్నాను. చేత్తో ముడిస్తే గుప్పిట్లో పడుతుంది, విప్పితే మెత్తగా, ఒత్తుగా ఉంటుంది. చర్చిలో ప్రార్థనప్పుడు తల మీద కప్పుకునేది దాన్నే.

ఫిబ్రవరిలో, నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల రోజు, రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. ఆ రోజు ఆడవాళ్ళందరం తెల్లబట్టల్లో వెళతాం. మోకాళ్ళ మీద కూర్చుని, చున్నీ ముఖం మీదకి లాక్కుని కళ్ళు మూసుకున్నాను. రెండు క్షణాల్లో ముక్కు మండింది. తర్వాత కళ్ళు. నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతిలో ఉన్నది ఆ చున్నీయే. తుడుచుకున్న కొద్దీ మంట పెరిగింది.

వీపు మీద ఎవరిదో చెయ్యి పడింది. పాస్టరమ్మగారు.

"ఏడువమ్మా, ఏడువు. ఆయన దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గర ఏడుస్తాం?"

"అది కాదండీ..." అంటుండగా తుమ్ము వచ్చింది.

"నాకు తెలుసులే" అని ఆమె ముందుకెళ్ళి పాస్టరుగారి చెవిలో ఏదో చెప్పారు. ఆ తర్వాత మైకులో, సంఘంలో ఒక ఆడబిడ్డ గుండె బరువుతో ఉంది, అందరూ ఆమె కోసం ప్రార్థించండి అని వినపడింది. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు, కారుతున్న ముక్కుతో కనపడుతున్నది నేనొక్కదాన్నే. పక్కన మా వదిన భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి.

బయటికి రాగానే వదిన నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏంటమ్మాయ్, ఎవడాడు? మాకు చెప్పకుండా దేవుడికే చెప్పేశావా?"

"చున్నీకి మిరపకాయ ఘాటు అంటుకుంది వదినా."

"నీకెప్పుడూ అదే గోల" అని చెప్పుల కోసం వంగింది. నవ్వు ఆగిపోయింది. అది నేను చూశాను.

మధ్యాహ్నం గది తలుపు వేసుకుని చున్నీని కిటికీ దగ్గర పరిచాను. నేను నాలుగు మడతలు పెడతాను, పొద్దున బీరువాలోంచి తీసినప్పుడు మూడే ఉన్నాయి. కుచ్చుల్లో ఒక మిరప గింజ చిక్కుకుని ఉంది. మొదట నన్ను నేనే అనుమానించుకున్నాను. డైరీ వెనక్కి తిప్పి ఎడమ పేజీలన్నీ చదివాను. తెల్ల చున్నీ నెలంతా ఒక్కరోజు కూడా ఆఫీసుకి వెళ్ళలేదు. అంటే అది నేను లేకుండా ఎక్కడికో వెళ్ళి వస్తోంది.

ఇంట్లో నేను కాక ముగ్గురు. అన్నయ్య చీమకుర్తి నుంచి గ్రానైట్ లారీ మీద వెళితే పది, పదిహేను రోజులకి గానీ రాడు. అమ్మ ఇల్లు కదలదు, కదలకూడదు. ఇక మిగిలింది వదిన.

వదిన మీద నా దగ్గర పాత సాక్ష్యం ఒకటి ఉంది. క్రిస్మస్‌కి ముందు తన ఫోన్ స్టేటస్‌లో ఒక ఫోటో పెట్టింది. అందులో వేసుకున్నది నా ఆవపిండి రంగు టాప్. అడగలేదు, చెప్పలేదు. నేనూ ఏమీ అనలేదు. కుడి పేజీలో రాసుకున్నాను, అంతే. అడిగే అలవాటు నాకు లేదు, గమనించే అలవాటే ఉంది. పగలంతా వదిన వెళ్ళే స్నేహితురాలి ఇంటి వెనకే మిరప కల్లం ఉందని, అక్కడ ఇప్పుడు కాయలు ఆరబోస్తున్నారని కూడా గుర్తొచ్చింది. షోకుగా తెల్ల చున్నీ వేసుకుని ఆ కల్లం పక్కన కూర్చుని కబుర్లు చెప్పి, మెల్లగా తెచ్చి లోపల పెడుతోంది. ఆ బీరువా ఉన్నది అమ్మా నేనూ పడుకునే గదిలోనే. ఆ వారం అమ్మ దగ్గు మళ్ళీ మొదలైంది కూడా.

లైబ్రరీలో అట్టలూడిన డిటెక్టివ్ నవలలు నేను చాలా చదివాను. సోమవారం పొద్దున చున్నీని నాలుగు మడతలు పెట్టి, మధ్య మడతలో ఒక నీలం దారప్పోగు ఉంచాను. బుధవారం సాయంత్రం చూస్తే చున్నీ లేదు. శనివారం సాయంత్రం చూస్తే ఉంది. దారం బీరువా అడుగున, పాత దుప్పటి మీద పడి ఉంది. మూడు మడతలు.

ఆ బీరువాకి తాళం ఉందని మేం మర్చిపోయి ఏళ్ళయింది. తాళంచెవి తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉండేది. ఆదివారం చర్చి నుంచి రాగానే చున్నీ ఉతికి, ఆరాక లోపల పెట్టి తాళం వేసి, చెవి నా ఆఫీసు బ్యాగులో వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు అన్నం తింటున్నప్పుడు వదిన అడిగింది. "బీరువాకి తాళం పడిందేంటి? లోపల వడ్డాణం ఏమన్నా చేయించి పెట్టావా?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి తాళమెందుకు?"

నేను పళ్ళెంలోకి చూస్తూ అన్నం కలిపాను.

"దొంగలున్నారనుకుంటే ఆ మాట నోటితో చెప్పాలమ్మాయ్. తాళంతో కాదు" అని లేచి వెళ్ళిపోయింది. పెరట్లో గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. తప్పు చేసినవాళ్ళకే అంత కోపం వస్తుందని కుడి పేజీలో రాసుకున్నాను. దాని కింద, అమ్మ మేకు వైపు చూసి మళ్ళీ తల దించుకుందని కూడా రాశాను. ఎందుకు చూసిందో మాత్రం ఆలోచించలేదు.

ఆ వారమే వదిన పుట్టింటివాళ్ళ వైపు కొత్త ఇంటి ప్రార్థన ఉంది. పొద్దున్నే నా గుమ్మం దగ్గర నిలబడి, "ఆ పసుపు టాపు ఒక్కరోజుకి ఇస్తావా?" అని అడిగింది. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు అడిగింది. "అది ఇస్త్రీకి ఇచ్చాను" అన్నాను. టాప్ మా ఇద్దరికీ మధ్య, తాళం వేసిన బీరువాలోనే ఉంది. తనకి తెలుసు. తనకి తెలుసని నాకూ తెలుసు. పాత చీర కట్టుకుని వెళ్ళింది.

తాళం వేశాక చున్నీ జోలికి ఎవరూ రాలేదు. కానీ అమ్మ దగ్గు తగ్గలేదు, రెట్టింపయింది. మంగళవారం నుంచి ఆగనే లేదు. గురువారం అమ్మ మెట్టు ఎక్కుతూ గోడ పట్టుకుంది. నేను స్నానం రెండుసార్లు చేశాను. తల రోజూ రుద్దుకున్నాను. ఆఫీసు బ్యాగు కూడా బయటే వేలాడదీశాను. ఘాటు ఎటునుంచి వస్తోందో అంతుచిక్కక, వదిన దుప్పట్లు కూడా వాసన చూశాను.

శుక్రవారం కోల్డ్ స్టోరేజీలో మిషన్లు బాగుచేస్తున్నారని మధ్యాహ్నమే పంపించేశారు. షేర్ ఆటోలో చివర, కాళ్ళు బయటికి పెట్టి కూర్చున్నాను. మా ఊరికి ఇవతల, రోడ్డు పక్క కల్లంలో ఆకుపచ్చ నెట్ కింద పదిమంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. అందరూ చీరల మీద మగవాళ్ళ చొక్కాలు వేసుకుని, ముఖాలకి తువ్వాళ్ళు, చున్నీలు చుట్టుకున్నారు. ఎవరు ఎవరో తెలియదు. ఎవరో ఏదో అన్నారు. ఒకావిడ తల వెనక్కి వాల్చి పెద్దగా నవ్వింది.

ఆ నవ్వు నేను విని ఏడాది దాటింది.

నవ్వు సగంలో దగ్గయిపోయింది. ఆవిడ ఒంటి మీద అన్నయ్య పాత ఖాకీ చొక్కా ఉంది. ముక్కుకి అడ్డంగా పల్చటి వాయిలు చీర కొంగు, ఒక్క పొర. మిగతా అందరికంటే పల్చటి గుడ్డ ఆవిడదే.

ఆటో ఆపమని అనలేకపోయాను. అంతమందిలో దిగి ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇంటికి వచ్చేసరికి వదిన పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాస్తోంది. ఇంత తొందరగా వచ్చానని నన్ను చూసింది, తర్వాత నా ముఖం చూసింది.

"చూశావా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి. వారానికి మూడు రోజులు. ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకుంది అత్తయ్య."

"తెల్ల చున్నీ..."

"నీ నల్లదీ మెరూనుదీ తీస్తే మర్నాడే నీకు తెలిసిపోతుంది. ఆ పుస్తకంలో రాసుకుంటావుగా. తెల్లది ఆదివారం దాకా ముట్టవు. పైగా ఇంట్లో ఉన్న అన్నిటిలోకీ మందంగా ఉండేది అదే. నాలుగు పొరలు చుట్టి పంపేదాన్ని. శనివారం నువ్వు ఆఫీసుకెళ్ళాక ఉతికి, ఆరేసి, మడత పెట్టి పెట్టేదాన్ని." పొయ్యిలో పుల్ల ఒకటి ముందుకి తోసింది. "మడత తప్పు పెట్టానా?"

"మూడు పెట్టావు."

"అయితే దొంగనే" అంది.

తాళంచెవి నా బ్యాగులో, తీగ మీద, మా ఇద్దరికీ కనపడేంత దగ్గర్లో వేలాడుతోంది.

అమ్మ నాలుగున్నరకి వచ్చింది. నన్ను చూసి గేటు దగ్గరే ఆగిపోయింది. నేను చెప్పాలనుకున్నవాటిలో ఒక్కటే బయటికి వచ్చింది.

"డాక్టరుగారు ఏమన్నారో మర్చిపోయావా అమ్మా?"

"ఆయన ఊపిరి గురించి చెప్పాడే. నోరు మూసుకుని కూర్చోమని చెప్పలేదుగా." గట్టు మీద కూర్చుని ఊపిరి అందుకుంది. "నువ్వు పొద్దున పోతే దీపాలవేళకి వస్తావు. వచ్చి పుస్తకంలో తల పెడతావు. ఈ పిల్లకేమో దాని ఫోను. నేను ఎవరితో మాట్లాడను? ఆ గోడతోనా? అక్కడ పదిమందిమి. ఒకదాని మొగుణ్ణి ఇంకొకత్తి తిడుతుంది, నవ్వుకుంటాం."

"ఈ వారమైనా మానేయాల్సింది. కొంగు ఒక్కటే చుట్టుకుని..."

"మరి తాళం వేసింది ఎవరే?" అంది. అందులో కోపం లేదు, అందుకే ఎక్కువ తగిలింది.

ఆ రోజు కుడి పేజీ నిండిపోయింది. తాళంచెవి మేకుకి తగిలించాను. ఆవపిండి రంగు టాప్ మడత పెట్టి వదిన మంచం మీద ఉంచాను. వదిన దాన్ని ఎత్తి చూసి, "ఇస్త్రీ నుంచి వచ్చిందా?" అని మాత్రం అంది. మళ్ళీ ఒంగోలు వెళ్ళాం, మందు మార్చారు. అమ్మ ఇక కల్లానికి వెళ్ళనంది. సాయంత్రాలు డైరీ పక్కన పెట్టి గట్టు మీద అమ్మ పక్కన కూర్చుంటున్నాను. నాకు కబుర్లు చెప్పడం రాదు, కాబట్టి రేపు ఏం వేసుకోవాలో అడుగుతాను. "ఆ ఇటుకరంగుదా? అది వేసుకుంటే గోడలో కలిసిపోతావు" అంటుంది.

దగ్గు కొంచెం తగ్గింది. కానీ ప్రతి శనివారం తెల్ల చున్నీ వాసన చూడకుండా ఉండలేకపోతున్నాను. మొదటిసారి అమ్మ పట్టుకుంది. "ఏంటే, పోలీసు కుక్కలాగా!" తర్వాత్తర్వాత తనే తెచ్చి ముక్కు దగ్గర పెట్టి, "చూసుకో తల్లీ" అంటోంది.

మొన్న శనివారం కూడా అడగకముందే తెచ్చి పెట్టింది. సబ్బు వాసన, ఎండ వాసన. ఇంకేం లేదు. అమ్మ లోపలికి వెళ్ళాక పెరట్లోకి వెళ్ళాను. అన్నయ్య ఖాకీ చొక్కా తీగ మీద తడిగా, నీళ్ళు కారుతూ ఉంది. అన్నయ్య లారీ మీద వెళ్ళి పన్నెండు రోజులైంది, ఇంకా రాలేదు.

 లోపల అమ్మ వదినతో ఏదో చెబుతోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు దగ్గుగా మారుతుందేమోనని చివరిదాకా విన్నాను. మారలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మని అడగాలని నిర్ణయించుకున్నాను. ఈసారి నోటితోనే.

అడిగేలోపు సోమవారం వచ్చేసి, అమ్మ మళ్ళీ ఒక్క కొంగుతోనే కల్లానికి వెళితే ఎలాగని, నా నల్ల చున్నీని రెండుసార్లు వేడినీళ్ళలో ఉతికి, నాలుగు పొరలుగా మడిచి ఖాకీ చొక్కా పక్కన ఆరేశాను. అన్నిట్లోకీ తెల్లదాని తర్వాత మందంగా ఉండేది అదే. లోపలికి వచ్చి ఎడమ పేజీలో సోమవారం ముందు రాసిన ముదురాకుపచ్చ కొట్టేశాను. దాని మీదకి నప్పే చున్నీ ఇక నా దగ్గర లేదు. ఇటుక రంగు టాప్, మెరూన్ చున్నీ అని రాశాను.