చుక్కకు ముందు టార్చి

ముందే చెబుతున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. సైన్యంలో చలి ఎట్లా ఉండేదంటే, నా మీసం విరిగి బూటు మీద పడిందంటాను. సగం తీసేసి చదవండి.

ఇది సరిహద్దు కథ కాదు. రిటైరయ్యాక కంటి శిబిరం వ్యానుతో చేసిన డ్యూటీ. సూర్యాపేటలో దిగాను. మే నెల. ఎండకు నా నీడ కూడా వ్యాను కిందికి దూరింది. సామాను: టార్చి, కుర్చీలు, అక్షరాల అట్ట, చుక్కల మందు పెట్టె. డాక్టరమ్మ ఆర్డరు ఒక్కటే.

"నేను టార్చి వేసి చూడకముందు ఎవరి కంట్ల చుక్క పడొద్దు. పడితే కంటిపాప విచ్చుకొని అట్లనే ఉంటది. ఇగ నరం సంగతి తెల్వదు. నరం జబ్బును శుక్లమనుకొని కోసేస్తం."

పెట్టెకు నేను కాపలా. మా వ్యాను డ్రైవరు, కోదాడ మనిషి, నవ్వాడు.

"ఈ సీసాలు ఎత్తుకెళ్లి ఎవడైనా పప్పులో పోసుకుంటాడా సార్?"

కోదాడలో ముసలమ్మలు చుక్కలు వెయ్యమని మూడు వైపుల నుంచి ముట్టడించారు. పెట్టె వదల్లేదు.

తర్వాత మిర్యాలగూడ. వేములపల్లి నుంచి గొర్రెలకాపరి మల్లయ్య భార్యతో వచ్చాడు. కుడికన్ను మసక. చుక్కలు పడ్డవాళ్లకే ఆపరేషన్ బస్సులో సీటని ఊళ్లో నమ్మకం.

"జర నాక్కూడ పొయ్యరాదు సారూ. నా కండ్లేం పాపం జేసినయ్?"

"డాక్టరమ్మ చూసినంక."

"సూసేదేముంది, పొరనే. మా బావకు గిట్లనే ఉంటే తీసిన్రు. ఇప్పుడు నా గొర్రెలను సుత లెక్కవెడుతుండు."

"ఊకో. మిలిట్రీ ఆయనతోని లొల్లేంది?" అంది భార్య.

డాక్టరమ్మ ఎడమ కంట్లో టార్చి వేసింది. పాప ముడుచుకుంది. వెలుగును కుడి కంటికి జరిపింది. ముడుచుకోవాల్సిన పాప విచ్చుకుంది. మళ్లీ వేసింది. మళ్లీ విచ్చుకుంది.

"పొర కాదు. వెనక నరం. హైదరాబాద్ల స్కాన్ తీయాలె. ఇయ్యాలనే పోవాలె."

వాళ్లు వెళ్లారు. నరాన్ని నొక్కుతున్న గడ్డ కనిపించింది. తీశారు. కుడి చూపు తిరిగి రాలేదు. గడ్డ అటు పాకకముందే తీశారు కాబట్టి ఎడమ కన్ను మిగిలింది. డాక్టరమ్మ ఫోన్‌లో చెప్తే, "సరే మేడం" అన్నాను. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ డ్యూటీ ఎట్లుండె అని అడిగింది. ఎండ అన్నాను. అన్నం తిన్నాను. అంత వెలుగు మీద పడుతుంటే, చీకట్లో ఉన్నట్టు మెల్లగా విచ్చుకున్న ఆ పాప మాత్రం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఇందులో కల్పించింది మల్లయ్య మాటలు, అతని భార్య మందలింపు. బావ, గొర్రెల లెక్క అన్నీ నావే. ఆ రోజు అతను ఏమీ మాట్లాడలేదు. తల వెనక్కి వాల్చి, కళ్లు తెరుచుకొని, చుక్క కోసం కూర్చున్నాడంతే.