నాలుగో సేప

చీపురుపల్లి స్టేషను ఎదురుగా ఉన్న టిఫిను కొట్టులో అల్లం పచ్చడి రెండోసారి వేయరు. వేయకపోవడం వాళ్ల హక్కు. నా అభ్యంతరం మొదటిసారి వేసిన దాని గురించి. అది ఇడ్లీ పక్కన ఉండదు. ఇడ్లీ కిందుగా పారి, ఆకు అంచు దాటి, చొక్కా వైపు వస్తుంది. అల్లం అందులో పడినట్టు లేదు, ఎప్పుడో పక్కనుంచి నడిచి వెళ్లినట్టుంది. అయినా ఆ ఆదివారం ఉదయం ధైర్యం చేసి మళ్లీ అడిగాను.

"పచ్చడి అయిపోనాది" అన్నాడు కొట్టాయన, గిన్నె మీద మూత పెడుతూ.

పక్కన కూర్చున్న మా మేనమామ కొడుకు మోచేత్తో పొడిచాడు. "ఇన్నావా బావా? పచ్చడన్నాడు."

"విన్నాను" అన్నాను.

మేం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఈ బావ భావనపాడులో చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది, వ్యానులో ఊళ్లకు తిప్పుతాడు. నాదీ ఆ ఊరే. ఇప్పుడు చీపురుపల్లి డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాను. ఆ రోజు ఇద్దరం రైలెక్కి విజయనగరం వెళుతున్నాం. పదిహేనేళ్లుగా మేం అభిమానించే గాయకుడు సాయంత్రం అక్కడ పాడుతున్నాడు. పాట వినడానికి బావ వస్తున్నాడు. నేను ఆయన్ని ఒక్క కోరిక కోరడానికి వెళుతున్నాను.

కొంత వివరణ అవసరం. మా వైపు నోట 'చ' నిలవదు. చెప్పు సెప్పవుతుంది, చూడు సూడవుతుంది, చేప సేపవుతుంది. కానీ ఒత్తు ఉన్న 'చ్చ' జోలికి మేం వెళ్లం. మా అమ్మ నన్ను తీరిక దొరికినప్పుడల్లా తిట్టింది. పిచ్చోడా అన్న ప్రతిసారీ పిచ్చోడా అనే అంది, ఒత్తు ఒలకకుండా. ఇది మాకెవరూ నేర్పలేదు. నేర్పాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

మా గాయకుడు తన పాటలు తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుంటాడు. ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగాడు. ఆయన కొత్త పాటలో మాత్రం 'పస్సడి' ఉంది. 'పిస్సి' కూడా ఉంది. హైదరాబాదులో కూర్చుని, యాస ఎంత ఉంటే అంత మంచిదనుకుని, కనబడిన ప్రతి 'చ' మీదా ఉప్పు చల్లినట్టు 'స' చల్లాడు. పాట బాగా ఆడింది. పెళ్లి ఊరేగింపుల్లో దానికి చదువుకున్నవాళ్లు కూడా ఎగురుతున్నారు. ఆ పాటతో నాకు గొడవేమీ లేదు. ఉంది, కానీ సర్దుకుపోగలను.

నా గొడవ పాత పాట గురించి.

ఎచ్చెర్ల యూనివర్సిటీ హాస్టల్లో ఉండగా దాన్ని బావే నా ఫోనుకు ఎక్కించాడు. ఐసు బండి కోసం ఒడ్డున ఎదురుచూసేవాళ్ల పాట. ఒక గిటారు, వెనక ఎక్కడో ఒక కుక్క. అప్పట్లో ఆయనకు యాసంటే సిగ్గు. పాటంతా పుస్తకం తెలుగులో, ఇస్త్రీ మడత చెదరకుండా పాడాడు. చేపలు అనే మాట అందులో నాలుగుసార్లు వస్తుంది. మూడుసార్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని 'చేపలు' అన్నాడు. నాలుగోసారి ఊపిరి చాలక 'సేపలు' అనేశాడు. అనేసి, దిద్దుకోకుండా ముందుకు వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లో నేను హాస్టల్ మేడ మీద నిలబడి 'చేప, చేప' అని సాధన చేస్తున్నాను. దిగువ జిల్లాల నుంచి వచ్చిన గది మిత్రులు నా చేత ఆ మాట అనిపించి నవ్వేవారు. సున్నితమైన మనుషులు, వేరే కాలక్షేపం లేదు. ఆ నాలుగో సేప విన్నాక సాధన మానేశాను. మూడు రోజులు. నాలుగో రోజు సెమినారు ఉంది.

ఆ ఒక్క మాట కోసం పదిహేనేళ్లు పాట మొత్తం విన్నాను. దాని పుణ్యాన మిగతావన్నీ భరించాను. రెండో ఆల్బంలో వయొలిన్లు వచ్చాయి, పోనీలే అనుకున్నాను. మూడోదాంట్లో వేదాంతం వచ్చింది. ఎవరైనా అడిగితే దగ్గు తెచ్చుకున్నాను. తర్వాత టోపీ వచ్చింది. ఇప్పుడాయన పాత పాటను మళ్లీ రికార్డు చేస్తున్నాడు. పెద్ద ముక్కే ముందుగా ఫోన్లలోకి వదిలాడు. నాలుగు చోట్లా సేపలే. కాలు జారి పడిన ఒక్క మాటకు తోడుగా మిగతా మూడింటినీ పట్టుకుని తోసేశాడు. పూర్తి పాట ఇంకా రాలేదు. ఆపమని అడగాలి. అదీ నా కోరిక.

"ఇంటాడేటి?" అన్నాడు బావ రైల్లో.

"మర్యాదగా చెబితే వింటాడు."

"మర్యాదగానా! అయితే అయిపోనాది."

నిర్వాహకుల్లో నా పాత విద్యార్థి ఒకడుంటే మధ్యాహ్నం మైకులు సరిచూసుకునే వేళ మమ్మల్ని వేదిక వెనక్కి పంపాడు. గాయకుడు చెరకు రసం తాగుతున్నాడు. టోపీ ఉంది. నేను రైల్లో నాలుగుసార్లు దిద్దుకున్న వాక్యం అప్పజెప్పాను. "నమస్కారమండీ. మీ తొలి పాటలో 'చేపలు' అనే పదం నాలుగోసారి మాత్రమే 'సేపలు'గా వినిపిస్తుంది. దయచేసి దాన్ని యథాతథంగా ఉంచగలరా?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. ఆ జాలిని నేనింకా క్షమించలేదు.

"సారుది గుంటూరేటి?" అన్నాడు. "మీకు అలవాటు లేక అలగనిపిస్తాది సార్. మా పక్క అందరం ఇలగే మాటాడతాం. పిస్సి జనం సార్ మేము."

భావనపాడు అనాలి. అందులో జారడానికి 'చ' కూడా లేదు. అయినా రాలేదు. ఈలోగా ఎవరో ఫోటో అన్నారు. ఆయన మా ఇద్దరి భుజాల మీదా చేతులు వేశాడు. ఫోటోలో బావ నవ్వుతున్నాడు.

బయటికొచ్చాక కొంచెం గట్టిగానే మాట్లాడాను. "చూశావా? నన్ను గుంటూరు పంపేశాడు. పచ్చడి అనడం చేతకానివాడు నాకు యాస నేర్పుతాడట. తన భాష తనకే రాదు. రేపు చంద్రుడి మీద మచ్చని కూడా వదలడు చూడు."

బావ ఫోనులో ఫోటో పెద్దది చేసి చూసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"ఆడు తప్పుగా మాటాడతన్నాడు బావా. నువ్వు మాటాడ్డమే మానీసినావు."