ఐదు చుక్కల పడవ ఆట

మా చిన్నప్పుడు... సాయంత్రం ఐదైతే చాలు, గరాచర్మ అనే మా దీవి ఊళ్ళో మా ఇంటి గుమ్మం ముందు చెప్పులే చెప్పులు. మామయ్య చెన్నై షిప్పులో తెచ్చిన వీడియో గేమ్ మహిమ అది! టీవీకి తగిలించడం, క్యాసెట్ పెట్టడం, బొమ్మ రాకపోతే తీసి ఉఫ్‌మని ఊదడం... అన్నీ నా చేతుల మీదే. అబ్బో, అప్పుడు నా పెత్తనం చూడాలి!

ఎవరు ఏది ఆడాలని రోజూ జుట్లు పట్టుకునేవాళ్ళం. అందుకని పాత లెక్కల నోట్సులో ఆటలకు చుక్కలు వేశాను. ఆట బాగుందా లేదా అని కాదు, ఎవరికి సరిపోతుందని. కార్ల రేసు: ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళకు వద్దు, రిమోట్ విరుగుతుంది, రెండు చుక్కలు. ఇటుకలు పేర్చేది: అమ్మ చేత తిట్లు తిని వచ్చినవాళ్ళకు, నాలుగు.

అలల మీద పడవ నడిపే ఆటకు మాత్రం ఐదు. పెద్ద అల తగిలితే పడవ తిరగబడేది. పక్కనే 'ధైర్యవంతులకు మాత్రమే' అని రాశాను.

మా వీధి చివర అప్పలరాజు ఉండేవాడు, నాకన్నా ఏడాది చిన్న. టెన్నిస్ ఆటలో నాకు సరిజోడు వాడొక్కడే. పడవ ఆట వంతు వస్తే మాత్రం రిమోట్ పక్కవాళ్ళకు ఇచ్చేసేవాడు. ఒకరోజు నోట్సులో వాడి పేరు రాసి, పక్కన 'పిరికి' అని రాసి, అందరి ముందూ పైకి చదివాను. అందరూ నవ్వారు. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు రాలేదు. నాకు ఏ ఆటా రుచించలేదు... ఇక ఎప్పటికీ రాడేమోనని భయం. ఐదో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. చినుకులు పడుతున్నాయి. వాళ్ళమ్మ పెరట్లో తోమిన గిన్నెలన్నీ వెల్లకిలా పెడుతోంది. వాటిలో వాన నీళ్ళు చేరుతున్నాయి. పెద్ద ఆరిందాలా నేనొక గిన్నె బోర్లించబోయాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “వద్దమ్మా. మీ బాబాయి డింగీ పడవ ఏసుకొని సముద్రం మీద సేపల ఏటకెల్నాడు గదా. ఆయన వచ్చీదాక ఇంట్లో ఏదీ బోర్లించకూడదు.”

గుమ్మంలో అప్పలరాజు నిలబడి చూస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మా నాన్న ఆఫీసు నుంచి బస్సులో వచ్చేవాడు, ఇంట్లో ఎన్ని గిన్నెలు బోర్లించినా వచ్చేవాడు. ఆటలో పడవ తిరగబడితే వాడికెలా ఉంటుందో నాకు తట్టనే లేదు. సారీ చెప్పకుండానే వెనక్కి పరిగెత్తాను.

ఇంటికొచ్చి 'పిరికి' కొట్టేశాను. పడవ ఆట దగ్గర రాసింది కూడా కొట్టేసి, 'నాన్న ఇంట్లో ఉన్నప్పుడు' అని రాశాను. మర్నాడు స్కూలు బస్సులో ఆ పేజీ వాడి ముందు పెట్టాను. చదివి, నోట్సు తిరిగి ఇచ్చేశాడు.

రెండు రోజుల తర్వాత పరిగెత్తుకుంటూ వచ్చి, మా దీవి పిల్లలందరిలా హిందీ కలిపి అరిచాడు. “దీదీ, నాన్న వచ్చేసినాడు. అబ్ ఆ పడవ ఆట లగావో.”

ఆ సాయంత్రం పడవను ఎన్నిసార్లు ముంచాడో... మునిగినప్పుడల్లా పకపకా నవ్వాడు. నాకేమో నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

ఇప్పుడు మా అబ్బాయి ఫోన్లో చుక్కలు చూసి ఆటలు దించుకుంటాడు. లక్షల మంది వేసిన చుక్కలట. ఏ ఆట ఎవరి మనసు నొప్పిస్తుందో మాత్రం వాటిలో ఎక్కడా ఉండదు. మీరూ ఎవరి కోసమైనా ఒక ఆట పక్కన పెట్టారా? పెట్టి ఉంటే వాళ్ళ పేరు కింద రాయండి...

ఆ డింగీ ఇప్పుడు అప్పలరాజు నడుపుతున్నాడు. వాడు వేటకు వెళ్ళాడని తెలిస్తే, తిరిగొచ్చేదాకా నేనూ ఇంట్లో గిన్నె బోర్లించను.