గడప బయట ఎల్లేశం

కొండాపూర్‌లో పిల్లా జెల్లా అందరూ కిష్టమ్మ చేతుల్లో పడి కేరుమన్నవాళ్ళే. మంత్రసానితనం ఆమెకు అత్త ఇచ్చిపోయిన ఆస్తి. ఆస్తి అంటే మరీ పెద్దమాట; ఒక చిన్న కొడవలి, కాన్పయిన ఇంట చేటెడు జొన్నలు, ఎవరు ఏ వేళ తలుపు తట్టినా లేవాల్సిన ఖర్మ. యాభై దాటేసరికి అలసట ఆమె నడుములో కిరాయికి దిగి, ఇక ఖాళీ చేసేది లేదని కూర్చుంది.

నడుమొక్కటే అయితే ఏ నూనో రాసుకునేది. రుక్కమ్మ కోడలు భాగ్యమ్మకు రెండు కాన్పులూ తనే చేసింది. ఇద్దరు బిడ్డలూ నిక్షేపంగా పుట్టారు. వారం తిరక్కుండానే దవడలు బిగుసుకుని, పాలు ముట్టక, విల్లులా వంగి ప్రాణం వదిలారు. ఊరంతా గాలిధూళి అనుకుంది. రుక్కమ్మ ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదని కిష్టమ్మకు అనిపించేది. ఇప్పుడు భాగ్యమ్మకు మళ్ళీ నెలలు నిండాయి. ఈ బిడ్డా అలాగే పోతే ఇక ఆ ఇంటి ముందు నుంచి నడిచే మొహం ఉండదు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. పల్లెల బాగు కోసమని బాలానగర్‌లో ఒక రేకుల కొట్టంలో సర్కారు తర్ఫీదులు పెట్టింది. మగవాళ్ళకు ఎరువు గుంతలు, కోళ్ళ పెంపకం. మంత్రసానులకు కాన్పుల పని.

"పండ్లూడే యాల్లకు బడికి పోతవా?" అని మొగుడు ఎల్లేశం పగలబడి నవ్వాడు. "పలక బలపం కొనుక్కస్తనా?"

"నీ నోట్లె పెట్టుకో బలపం," అని కిష్టమ్మ సద్దిమూట చంకన పెట్టుకుని నడిచింది.

పాఠం చెప్పే నర్సమ్మ బెజవాడ వైపు మనిషి. గట్టి గొంతు, మెత్తటి మనసు. "కొడవలి నీళ్ళలో బాగా మరగాలి. బొడ్డు కోశాక దాని మీద బూడిద గానీ పేడ గానీ పెట్టకూడదు," అంది.

కిష్టమ్మ జీవితమంతా పిడక బూడిదే అద్దింది. "పెడితే ఏమైతదమ్మా?" అని మెల్లగా అడిగింది.

"అందులో విషం ఉంటుందమ్మా. వారం లోపలే బిడ్డ దవడలు బిగుసుకుపోతాయి. పాలు తాగదు, వెనక్కి వంగిపోతుంది. మీరెప్పుడూ చూళ్ళేదా?"

"లేదమ్మా," అంది కిష్టమ్మ. ఆ తర్వాత చాలాసేపు ఆమెకు పాఠం వినిపించలేదు.

చేతులు కడగడం దగ్గర పేచీ వచ్చింది. గాజుల కింద మురికి నక్కి ఉంటుంది, తీసేయమంది నర్సమ్మ. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా చేతులు కొంగుల్లో దాచుకున్నారు. గాజులవాడి దగ్గర మార్చుకునేటప్పుడైనా కొత్తది ఎక్కేదాకా పాతది ఒకటి చేతికి ఉంచుకునే మనుషులు వాళ్ళు.

"మొగడు బతికుండంగ బోసిచేతులా? గీ పాఠం మాకొద్దు!" అందొకావిడ.

కిష్టమ్మ మాత్రం లేచి చేతులు ముందుకు చాపింది. సబ్బు రాసి లాగితే సగం గాజులు పగిలాయి, మిగతావి వచ్చాయి. ఉబ్బిన ఆ చేతులకు అవి మళ్ళీ ఎక్కలేదు. కొంగున ముడేసుకుని ఊరిదారి పట్టింది.

ఊరి మొదట్లో నీళ్ళు తోడుతున్న పోచమ్మ ఆ చేతులు చూసింది. కడవ వదిలేసి, "అయ్యో ఎల్లేశన్నా! ఎంత పని జేస్తివే!" అని రాగం అందుకుంది. కిష్టమ్మ ఆపేలోపే అడ్డదారిన పరుగెత్తింది. కిష్టమ్మ ఇల్లు చేరేసరికి వాకిట్లో ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తున్నారు. వాళ్ళ నడుమ ఎల్లేశం జొన్న గటక ముద్ద చేత పట్టుకుని బిత్తరపోయి చూస్తున్నాడు.

"ఎవలు సచ్చిండ్రే?" అని పెళ్ళాన్ని అడిగాడు.

"నువ్వే. ముద్ద తిను, సల్లగైతది."

గాజులవాడు వచ్చేలోపే, తెల్లారి భాగ్యమ్మకు నొప్పులు మొదలయ్యాయి. కిష్టమ్మ కొడవలి మరిగించుకుని వెళ్తే రుక్కమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"వదినే, నీకు దండం పెడత. రెండుసార్లు కడుపు కాలినోళ్ళం. బోసిచేతులతోని లోపటికి రాకు."

"నా మొగడు బండలెక్క ఉన్నడు గదనే!"

"ఉన్నడని నాకెర్క. లోపల పుట్టే పానానికి ఎట్ల ఎర్కైతది?"

లోపల భాగ్యమ్మ అరుస్తోంది. కిష్టమ్మకు వాదించే ఓపిక లేదు. ఇంటికి వెళ్ళి మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చి గడప బయట కూర్చోబెట్టింది.

"ఇగో, పుట్టేటోళ్ళు సూసుకోనియ్యి," అంది రుక్కమ్మతో. మొగుడి వైపు తిరిగి, "నువ్వు జర దగ్గుతుండు, బతికున్నవని తెల్వాలె."

ఎల్లేశం సిగ్గుతో చచ్చిపోయాడు. కాన్పు గది బయట మగవాడు కూర్చోవడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. దారినపోయేవాళ్ళు "ఏంది ఎల్లేశన్నా, నొప్పులు నీకా?" అని అడిగి పోతున్నారు. అతను తల వంచుకునే, చెప్పినట్టు దగ్గుతున్నాడు.

మగపిల్లాడు పుట్టాడు. రుక్కమ్మ అలవాటు కొద్దీ చిప్పలో బూడిద తెచ్చింది.

"ఒద్దు," అంది కిష్టమ్మ.

"గదేంది? ఎప్పుడు నువ్వే అడిగి తీస్కుంటివి గద."

"సర్కారు ఒద్దన్నది. పెడితే మల్ల నన్ను కాన్పు చెయ్యనియ్యరు."

నర్సమ్మ చెప్పిన కారణం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ వారమంతా రోజూ వెళ్ళి, పిల్లాడి నోట్లో వేలు పెట్టి చూసేది. వేలును చప్పరిస్తే ఊపిరి వదిలి ఇంటికొచ్చేది. వారం గడిచింది. బొడ్డు ఎండి రాలింది. ఆ పైన ఇంకో వారమూ గడిచింది. పిల్లాడు ఊరంతా వినపడేట్టు ఏడుస్తూ పాలు తాగుతూనే ఉన్నాడు.

రుక్కమ్మ కళ్ళు ఒత్తుకుంటూ అంది: "మా మనవడు దక్కిండంటే ఎల్లేశన్న గడప కాడ కూసున్న పున్నెమే వదినే. ఆ రెండుసార్లూ ఆయన్ని పిలువకపోతిమి."

కిష్టమ్మ నోరు తెరిచింది. ఎల్లేశం పుణ్యం కాదని చెప్పాలంటే బూడిద సంగతి చెప్పాలి. బూడిద సంగతి చెబితే ఆ రెండుసార్లు అద్దిన చేతులెవరివో చెప్పాలి. గోడకానుకుని పాలిస్తున్న భాగ్యమ్మ పిల్లాడి మొహం చూసుకుని నవ్వుతోంది. కిష్టమ్మ నోరు మూసుకుంది.

తర్వాత ఆమె సులువుగా జారే వదులు గాజులు కొనుక్కుంది. అయినా లాభం లేకపోయింది. కాన్పుకు పిలవడానికి వచ్చినవాళ్ళు ముందు "ఎల్లేశన్న ఉన్నడా?" అనే అడిగేవారు. ఒక మిట్టమధ్యాహ్నం పొలం నుంచి వచ్చి నడుం వాల్చినవాణ్ణి ఆమె తట్టి లేపింది.

"నాతోని కాదు పో," అన్నాడతను అటు తిరిగి. "కాన్పులు చేసేది నువ్వా, నేనా?"

"నువ్వే," అంది కిష్టమ్మ. "లే."