ముందు బెంచీ ఆంటీ

మా పక్కింటి ఆంటీ పోయిన నెల ఒక బుధవారం ఉదయం కన్నుమూశారు. అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా టౌన్‌హౌస్‌ను ఆనుకుని ఉన్న ఇల్లు ఆవిడది. నేను ఆఫీసు మీటింగులో ఉండగా వాళ్లమ్మాయి తనుండే ఊరు క్యారీ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ ఈజ్ గాన్" అంది. కాసేపు ఏడ్చి, "అమ్మ కూడిక అక్కడే పెట్టాలంది, చర్చి వాళ్లు నో అంటారు కదా. ఏం చేద్దాం?" అని అడిగింది. కన్నీళ్లు రావాల్సిన చోట నాకు ముందు ఒళ్లు మండింది. ఆ కోపం తగ్గకముందే ఇది రాస్తున్నాను.

ఆ చర్చి సంగతి చెబితే గానీ ఆంటీ ఎలాంటి మనిషో మీకు అర్థం కాదు. నార్ఫోక్ వైపు, నేవీ డాక్‌యార్డ్ గోడకు ఎదురుగా ఉన్న పాత ఆంగ్లికన్ చర్చి అది. ఎర్ర ఇటుకల కట్టడం. కిటికీలోంచి చూస్తే ఓడలు బాగుచేసే క్రేన్లు కనిపిస్తాయి. లోపల బెంచీలకు పొట్టి చెక్క తలుపులుంటాయి. గోడల నిండా సముద్రంలో పోయిన నావికుల పేర్లు చెక్కిన పలకలు. ఆంటీ ఆ డాక్‌యార్డ్‌లోనే ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. బందరులో ఇంగ్లీషు దొరల నాటి చర్చిలో బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో చీర కట్టుకుని ఈ చర్చికి వెళ్తే, గుమ్మంలో ఒక పెద్దాయన "చూసి వెళ్దామని వచ్చారా?" అని అడిగాడట. "ప్రార్థనకొచ్చాను. బందరులో మాదీ ఇదే ఆరాధన" అని చెప్పి, నేరుగా ముందు బెంచీలోకి వెళ్లి కూర్చున్నారట. తర్వాత ఎన్నేళ్లయినా ఆ బెంచీ మార్చలేదు.

అంకుల్ పోయాక హెర్న్‌డన్‌కు మారినా, పంటలో కొంత దేవుడికిచ్చే కోతకాలపు పండుగకు మాత్రం అక్కడికే వెళ్లాలి. కళ్లు మసకబారాక డ్రైవింగ్ నా వంతయింది. నేను శనివారాలు వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే మనిషిని. దానితో ఆంటీకేమీ పేచీ లేదు. "నువ్వు కారు నడుపమ్మాయ్, ప్రార్థన సంగతి నేను చూసుకుంటాలే" అనేవారు.

మొదటిసారి వెళ్లినప్పుడు పెరట్లో కాసిన ఆనపకాయను దారి పొడవునా ఒళ్లోనే పెట్టుకున్నారు. అక్కడ మిగతావాళ్లు బలిపీఠం ముందు సూపు డబ్బాలు, పాస్తా ప్యాకెట్లు పెట్టారు. ఆంటీ వాటిని కాస్త పక్కకు జరిపి మధ్యలో ఆనపకాయను పెట్టారు. ఆరాధన అయ్యాక అందరూ కాఫీ తాగుతుంటే వేలం మొదలుపెట్టారు. బందరులో అంతే. దేవుడికి తెచ్చినవి వేలం వేస్తారు, పాడుకున్నవాళ్లు మళ్లీ దేవుడికే ఇచ్చేస్తారు, మళ్లీ వేలం. ఇదేమీ తెలియని ఒక రిటైర్డ్ వెల్డర్ అందరికన్నా ఎక్కువ పాడి, కాయను చంకన పెట్టుకుని కారు దగ్గరికి బయల్దేరాడు. ఆంటీ వెనకాలే వెళ్లి పట్టుకున్నారు. "కొన్నావుగా, చాలా సంతోషం. ఇప్పుడు తిరిగిచ్చెయ్" అన్నారు ఇంగ్లీషులో. అతను నోరెళ్లబెట్టి నా వైపు చూశాడు. నాకూ తెలిస్తేగా చెప్పడానికి! చివరికి అతనే మొండికేసి ఆ కాయను మళ్లీ పాడుకుని, ఎలా వండాలో కూడా చెప్పించుకుని వెళ్లాడు. నేను చర్చిలో అంతగా నవ్వింది అప్పుడే.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆరాధనలు ఆగిపోయాయి. జనం తగ్గారన్నారు. కట్టడం ఒక ట్రస్టు చేతికి వెళ్లింది. టికెట్లు, గైడు, బెంచీలకు అడ్డంగా ఎర్ర తాళ్లు వచ్చాయి. "దేవుడికి విజిటింగ్ అవర్స్ పెట్టారే వీళ్లు!" అని ఆంటీ ఆ రోజంతా గొణుగుతూనే ఉన్నారు.

కిందటేడు చివరిసారి తీసుకెళ్లాను. గైడు నడివయసు మనిషి, మర్యాదస్తుడు. అతను నావికుల పలకల గురించి చెబుతుండగానే ఆంటీ తాడు కొక్కెం తీసి, తన బెంచీలోకి వెళ్లి మోకరించారు.

"మేడమ్, ఆ బెంచీ చారిత్రకమైనది" అన్నాడతను.

"నేనూ అంతే బాబూ" అన్నారు ఆంటీ కళ్లు తెరవకుండానే.

అతను ఆవిడ లేచేదాకా పలకల దగ్గరే నిలబడ్డాడు. తిరుగు దారిలో కార్లో చెప్పారు: "నా ఆదరణ కూడిక ఇక్కడే పెట్టాలి. పర్మిషన్ అడగండి. ఇవ్వరులే."

"ఇవ్వకపోతే ఎలా ఆంటీ?"

"నువ్వున్నావుగా" అని సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయారు.

పోయినవాళ్ల కోసం, సమాధి చేశాక అయినవాళ్లంతా కూడి చేసే ప్రార్థనే ఆదరణ కూడిక. వాళ్లమ్మాయి ట్రస్టును అడిగింది. సంతాపం తెలుపుతూనే, ఇక్కడ సర్వీసులు జరగవు, టూర్లు మాత్రమే అన్నారు. ఆవిడ అన్నేళ్లు మోకరించిన చోట ఆవిడ కోసం ఒక్క ప్రార్థన చేయకూడదట! నేను ల్యాప్‌టాప్ తెరిచి, శనివారం టూరుకున్న టికెట్లన్నీ బుక్ చేశాను. నా జీవితంలో అంత తృప్తిగా ఏదీ బుక్ చేయలేదు.

ఆంటీ ప్రార్థనలకు వెళ్లే తెలుగు ఫెలోషిప్ వాళ్లు, మా వీధివాళ్లు, అందరం వెళ్లాం. గుమ్మం బయట చెప్పులు, బూట్లు విప్పాం. గైడు ఆయనే. మా కాళ్ల వైపు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా కట్టడం చరిత్ర మొదలుపెట్టాడు. ముందు బెంచీ దగ్గరికి రాగానే వాళ్లమ్మాయి తాడు కొక్కెం తీసింది. వాళ్లమ్మకు ఇష్టమైన కీర్తన ఎత్తుకుంది. అమెరికన్ యాసలో ఒత్తులన్నీ జారిపోతున్నాయి. ఫెలోషిప్ వాళ్లు అందుకున్నారు. నాకు రాకపోయినా నేనూ అందుకున్నాను. ఆంటీ లేరన్న సంగతి అప్పుడు తెలిసొచ్చింది. అయినా ఆపలేదు.

గైడు నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. టూర్ అయిపోయిందా, తర్వాతి గ్రూపు ఎదురుచూస్తోంది అని టికెట్ల దగ్గరివాళ్లు అడుగుతున్నారు. అతను మా వైపు చూశాడు. ఆపమంటే ఆపేది లేదన్నట్టు నేనూ అతని కళ్లలోకే చూశాను.

అతను వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, "ఇక్కడ సర్వీస్ జరుగుతోంది. అయ్యేదాకా ఎవరినీ పంపకండి" అన్నాడు. దాన్ని ఆపేసి, తలుపు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కీర్తనలో ఇంకా చాలా చరణాలున్నాయి. అన్నీ పాడాం.